పదహారుసార్లు పడ్డాడు... జపాన్ గుండెల్లో నిలిచాడు

జపాన్ రాజధాని టోక్యో నగరం. 1966 జూన్ నెల. నాలుగు వైపులా తాళ్ళు కట్టిన బరిలో ఇద్దరు యువకులు తలపడ్డారు. ఒకరు థాయిలాండ్ నుంచి వచ్చిన సమాన్ సో ఆదిసన్. రెండవవాడు జపాన్ కుర్రాడు తదాషి సవామురా. వయస్సు 23 ఏళ్ళు.

సవామురా పడ్డాడు. లేచాడు. మళ్ళీ పడ్డాడు. మళ్ళీ లేచాడు. చూసేవారు లెక్క పెట్టడం మొదలుపెట్టారు. అయిదు, ఆరు, ఏడు... లెక్క పది దాటింది. అయినా ఆ కుర్రాడు ‘చాలు’ అనలేదు. నాలుగవ రౌండులో పదహారవసారి పడ్డాక మాత్రం ఇక లేవలేకపోయాడు. రెఫరీ ఆట ముగిసిందని ప్రకటించాడు.

నేడు చాలా పోటీలలో ఒకే రౌండులో మూడుసార్లు పడితే ఓడినట్టే లెక్క. పదహారుసార్లు పడేదాకా ఆటను ఎవ్వరూ సాగనివ్వరు. ఆ రాత్రి ఒళ్ళంతా దెబ్బలతో బరి దిగిన ఆ యువకుణ్ణి చూసినవారు ‘వీడి పని అయిపోయింది’ అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు. కాని ఏడేళ్ళు గడిచేసరికి జపాన్ దేశం మొత్తం మీద ఆ ఏటి ఉత్తమ వృత్తి క్రీడాకారుడి బహుమతి ఆ పడ్డవాడికే దక్కింది. ఆ దేశంలో కిక్ బాక్సింగ్ అనే ఆటకు మొట్టమొదటి వీరుడు ఆయనే.

కరాటే కుర్రాడు

సవామురా తదాషి అనేది బరిలో పెట్టుకున్న పేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హిదెకి షిరాహా. 1943 జనవరి 5న మంచూరియాలో పుట్టాడు. ఇప్పుడు అది చైనాలో భాగం. అప్పట్లో జపాన్ ఏలుబడిలో ఉండేది. రెండేళ్ళు తిరిగేసరికి రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ ఓడిపోయింది. అక్కడ స్థిరపడిన జపనీయులు ఇల్లూ వాకిలీ వదులుకుని కట్టుబట్టలతో స్వదేశం చేరవలసి వచ్చింది. ఆ కాలపు పిల్లలలో సవామురా ఒకడు.

టోక్యోలోని నిహోన్ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజులలో కరాటేలో మంచి పేరు తెచ్చుకున్నాడు. అయితే ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆనాటి విద్యార్థి కరాటే పోటీలలో దెబ్బ ఎదుటివాడికి తగలకూడదు. పిడికిలి గాని, కాలు గాని ఒంటికి తాకబోయే ముందు వెంట్రుకవాసి దూరంలో ఆపాలి. అలా ఆపగలిగినవాడే నేర్పరి. అంటే ఎంత గొప్ప విద్యార్థి అయినా, నిజమైన దెబ్బ తిని నిలబడడం అనే విద్య ఆ పోటీలలో నేర్చుకునే వీలు లేదు.

ఆ విద్య తెలిసినవారు మరో దేశంలో ఉన్నారు.

తిరునాళ్ళలో పుట్టిన యుద్ధం

థాయిలాండ్‌లో ‘ముయే థాయ్’ అనే ఆట ఉంది. తరతరాలుగా వస్తున్న ముష్టియుద్ధం అది. మామూలు బాక్సింగులో పిడికిళ్ళు రెండే ఆయుధాలు. ముయే థాయ్‌లో రెండు పిడికిళ్ళు, రెండు మోచేతులు, రెండు మోకాళ్ళు, రెండు కాళ్ళు - మొత్తం ఎనిమిది ఆయుధాలు. మెడ పట్టుకుని లాగి పొట్టలో మోకాలితో పొడవవచ్చు. కాలితో ఎదుటివాడి తొడమీద కొట్టవచ్చు. ఆ తొడ దెబ్బ నాలుగయిదుసార్లు తగిలితే ఎంతటివాడికైనా కాలు బిగుసుకుపోయి అడుగు పడదు.

ఈ ఆటకు ఆచారాలు కూడా ఉన్నాయి. పోటీకి ముందు యోధుడు తలకు పవిత్రమైన పట్టీ చుట్టుకుని, బరి చుట్టూ తిరిగి, గురువుకు నమస్కరిస్తూ నెమ్మదిగా నాట్యం చేస్తాడు. సన్నాయి వంటి వాద్యం, డోళ్ళు, తాళాలు మోగుతుంటాయి. పోరు వేడెక్కే కొద్దీ వాద్యాల వేగం కూడా పెరుగుతుంది. అక్కడి పల్లెల్లో గుడి తిరునాళ్ళు జరిగితే ఈ పోటీలు ఉండి తీరవలసిందే. పేద రైతు కుటుంబాల పిల్లలు పదేళ్ళు నిండకముందే బరిలోకి దిగుతారు. వచ్చిన డబ్బు ఇంటికి పంపిస్తారు. అలా ఎదిగినవారిలో మెరికల్లాంటివారు బ్యాంకాక్ నగరంలోని రాజదమ్నెర్న్, లుంపినీ అనే పెద్ద స్టేడియములకు చేరతారు. అక్కడ ఛాంపియన్ కావడమంటే ఆ విద్యలో శిఖరం ఎక్కినట్టే.

ఈ ఆటను జపాన్‌లో ఒక బాక్సింగ్ ప్రమోటర్ గమనించాడు. ఆయన పేరు ఒసాము నొగుచి. కరాటేనూ, థాయి ఆటనూ ఎదురెదురుగా నిలబెడితే జనం విరగబడి చూస్తారని ఆయన అంచనా. ఆ కొత్త ఆటకు ‘కిక్ బాక్సింగ్’ అని పేరు పెట్టింది కూడా ఆయనే. నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఈ పేరు ఇంగ్లీషు మాటలతో కూర్చినదే అయినా పుట్టింది మాత్రం జపాన్‌లో.

1966 ఏప్రిల్ 11న ఒసాకా నగరంలో మొదటి పోటీలు జరిగాయి. సవామురా బరిలోకి దిగి థాయి ప్రత్యర్థిని రెండవ రౌండులో పడగొట్టాడు. కరాటే ముందు థాయి ఆట ఏపాటిది అనుకున్నారు అభిమానులు. ఆ మురిపెం ఎంతో కాలం నిలవలేదు. జూన్‌లో సమాన్ ఎదురయ్యాడు. ఆ తర్వాత జరిగింది పైన చెప్పుకున్నదే.

ఓటమి నేర్పిన పాఠం

అంత దెబ్బ తిన్నవాడు మరో పని చూసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. డిగ్రీ చదువుకున్నవాడు. యుద్ధం తర్వాత జపాన్ కోలుకుని, ఫ్యాక్టరీలు, ఆఫీసులు వేలాదిగా వెలుస్తున్న రోజులవి. ఉద్యోగానికి కరువు లేదు. కాని సవామురా వెనక్కి పోలేదు. ఆ ఓటమితోనే అతని అసలు చదువు మొదలయింది.

కరాటే నుంచి వచ్చినవాడు కిక్ బాక్సింగులో నిలదొక్కుకోవాలంటే ఒంటిని కొత్తగా తయారు చేసుకోవాలి. ఎదుటివాడు తొడమీద కొట్టబోతే తన కాలెత్తి మోకాలి కింది ఎముకతో కాచుకోవాలి. ఎముక మీద ఎముక తగిలితే ప్రాణం పోయినంత పని అవుతుంది. వేలాదిసార్లు సంచిని తన్ని తన్ని ఆ ఎముకను మొద్దుబార్చుకోవాలి. మెడ పట్టు విడిపించుకోవడం నేర్చుకోవాలి. అన్నిటినీ మించి, దెబ్బ తగిలిన తర్వాత కూడా కళ్ళు మూసుకోకుండా, ఊపిరి తప్పకుండా నిలబడడం అలవాటు కావాలి. కుండ కాలితేనే గట్టిపడుతుంది గదా!

సవామురా మళ్ళీ బరిలోకి వచ్చాడు. గెలవడం మొదలుపెట్టాడు. ఈసారి ఆ గెలుపు ఆగలేదు.

సోమవారం సాయంత్రం ఏడు గంటలకు

1968లో టి.బి.ఎస్. అనే టెలివిజన్ సంస్థ కిక్ బాక్సింగ్ పోటీలను ప్రసారం చేయడం మొదలుపెట్టింది. సోమవారం సాయంత్రం ఏడు గంటలు. ఇంటిల్లిపాదీ భోజనాల వద్ద కూర్చునే వేళ. జపాన్‌లో అప్పటికి దాదాపు ప్రతి ఇంటా టెలివిజన్ వచ్చేసింది. సవామురా పేరు ఇంటింటి పేరయిపోయింది.

జనం ఎదురుచూసేది ఒక్క క్షణం కోసం. సవామురా ఉన్నచోటి నుంచి గాలిలోకి ఎగిరి మోకాలితో ప్రత్యర్థి గడ్డం కింద పొడిచేవాడు. ‘శూన్యంలో ఎగిరే మోకాలి దెబ్బ’ అని దానికి పేరు పెట్టారు. ఆ దెబ్బ తగిలితే పోటీ ముగిసినట్టే. జపాన్ పిల్లలు బడి ఆవరణలో ఆ ఎగురుడును అనుకరించేవారు.

ఆయన జీవితాన్ని ఆధారం చేసుకుని ప్రసిద్ధ రచయిత ఇక్కి కజివారా బొమ్మల కథ రాశారు. దాని పేరు ‘కిక్ నో ఒని’. ఒని అంటే జపాన్ భాషలో కొమ్ములున్న రాక్షసుడు. అయితే ఒక పనిని పట్టి వదలకుండా చేసేవాడిని కూడా అక్కడ ‘ఒని’ అంటారు. మనం ‘పని రాక్షసుడు’ అంటాం చూడండి, సరిగ్గా అదే అర్థం. 1970-71లో ఆ కథ కదిలే బొమ్మల ధారావాహికగా టెలివిజన్‌లో కూడా వచ్చింది. బతికి ఉండగానే, ఇంకా బరిలో పోరాడుతుండగానే ఒక మనిషి కథానాయకుడయిపోయాడు.

1973లో అసలు గౌరవం దక్కింది. జపాన్‌లో బేస్‌బాల్ అంటే మన దేశంలో క్రికెట్ వంటిది. ఆ ఆటకు ఆనాటి మకుటంలేని మహారాజు సదహారు ఓ. తన జీవితకాలంలో 868 హోమ్ రన్లు కొట్టిన మహా ఆటగాడు. 1973లో ఆయన ఆట ఉచ్చస్థితిలో ఉంది. ఆ ఏటి వృత్తి క్రీడల ప్రధాన బహుమతి ఆయనకే అని అందరూ అనుకున్నారు. కాని వచ్చింది సవామురాకు. బేస్‌బాల్ వీరుణ్ణి పక్కకు నెట్టి పుట్టి పదేళ్ళు కూడా నిండని ఆటకు బహుమతి రావడం జపాన్‌లో పెద్ద సంచలనం.

ఇంకో విశేషం కూడా ఉంది. అదే ఏడాది జపాన్ సినిమా, సంగీత ప్రియులకు ప్రీతిపాత్రమైన రికార్డుల ప్రధాన బహుమతి హిరోషి ఇత్సుకి అనే గాయకుడికి వచ్చింది. ఆ గాయకుణ్ణి తీసుకువచ్చినది కూడా నొగుచి సంస్థే. ఒకే ఇంటి నుంచి ఒకే ఏడాది ఆటకూ పాటకూ రెండు పెద్ద బహుమతులు!

లెక్కలు చెప్పేవి, చెప్పనివి

సవామురా మొత్తం పోటీలు 241. అందులో విజయాలు 232. వాటిలో 228 ప్రత్యర్థిని పడగొట్టి గెలిచినవే. ఓటములు అయిదు. సమానంగా ముగిసినవి నాలుగు.

ఈ అంకెలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. పదేళ్ళలో 241 పోటీలంటే సగటున నెలకు రెండు. నేటి ఆటగాళ్ళు ఏడాదికి మూడో నాలుగో పోటీలు ఆడి, మధ్యలో నెలల తరబడి విశ్రాంతి తీసుకుంటారు. సవామురాకు ఆ వెసులుబాటు లేదు. టెలివిజన్ కార్యక్రమం వారం వారం రావాలి. జనానికి కావలసినది ఆయనే. ఒళ్ళు బాగున్నా, బాగులేకపోయినా బరి ఎక్కవలసిందే. కాడికి కట్టిన ఎద్దుకు దుక్కి ఆగితేనే గదా విశ్రాంతి!

ఈ అంకెల మీద మరో మాట కూడా ఉంది. అది దాచవలసినది కాదు. అన్ని వందల నాకౌట్లూ నిఖార్సయిన పోటీలేనా, ఎదుట నిలిచిన థాయి ఆటగాళ్ళందరూ అంతటి సమర్థులేనా అనే సందేహం జపాన్‌లోనే చాలామంది వెలిబుచ్చారు. బ్యాంకాక్ పెద్ద స్టేడియముల ఛాంపియన్ పీఠాన్ని సవామురా గెలవలేదన్న మాట నిజమే. ప్రమోటరుకు జనం కావాలి, టెలివిజనుకు గెలుపు కావాలి. ఇలాంటి వ్యాపారంలో సందేహాలు రావడం సహజం.

అయితే ఒక పోటీ విషయంలో మాత్రం ఎవరికీ సందేహం లేదు. అది 1966 జూన్ నాటి ఓటమి. పదహారుసార్లు పడి లేచినది నటన అని అన్నవారు లేరు. 232 గెలుపులు ఒక ఎత్తు, ఆ ఒక్క ఓటమి ఒక ఎత్తు. ఆ మనిషి సత్తువకు సాక్ష్యం కావాలంటే గెలుపుల జాబితాలో వెతకనక్కరలేదు. ఆ రాత్రి చాలు.

చెప్పకుండా వెళ్ళిపోయిన వీరుడు

1976 నాటికి సవామురా శరీరం అలసిపోయింది. బరిలో కనిపించడం మానేశాడు. 1977 అక్టోబరులో ఆట నుంచి విరమిస్తున్నట్టు ప్రకటించాడు. అంతటితో జనం కళ్ళ ముందు నుంచి మాయమైపోయాడు.

కొండంత పేరున్న మనిషి కనిపించకపోతే లోకం ఊరుకుంటుందా? దెబ్బలు తిని తిని మతి చెడిందని కొందరు అన్నారు. మంచాన పడ్డాడని కొందరు అన్నారు. చనిపోయాడని కూడా పుకారు పుట్టింది. వీటిలో ఏదీ నిజం కాదు. ఆయన కార్ల మరమ్మతు పని నేర్చుకుని, తన అసలు పేరుతో, సొంత చేతులతో కష్టపడి బతుకుతున్నారు. తర్వాత వాహనాల వ్యాపారం చేశారు. పిల్లలకు కరాటే నేర్పారు. పాత పేరు చూపించి సొమ్ము చేసుకునే ప్రయత్నం చేయలేదు. ప్రచారానికి దూరంగానే ఉండిపోయారు.

ఆయన లేని కిక్ బాక్సింగ్ టెలివిజన్‌లో ఎంతో కాలం నిలవలేదు. టి.బి.ఎస్. ప్రసారాలు 1979లో ఆగిపోయాయి. జనం పలచబడ్డారు. ఒక్క మనిషి భుజాల మీద నిలిచిన ఇల్లు ఆ భుజం తప్పుకోగానే వాలిపోయింది.

దారి మాత్రం మిగిలింది

కాని సవామురాను చూసి ఈ ఆటలోకి వచ్చిన తరం ఒకటి అప్పటికే తయారయింది. ఆయన మీద వేసిన ప్రశ్నకు జవాబు చెప్పినది ఆ తరమే.

జపాన్ ఈశాన్య తీరంలో మియాకో అనే చేపల రేవు ఉంది. ఆ ఊళ్ళో 1948లో పుట్టిన తొషియో ఫుజివారా అనే యువకుడు టోక్యో వచ్చి మెజిరో వ్యాయామశాలలో చేరాడు. అక్కడి గురువు కెంజి కురొసాకి. ఈ కురొసాకి కూడా ఓడినవాడే! 1964లో ముగ్గురు జపాన్ కరాటే వీరులు బ్యాంకాక్ వెళ్ళి థాయి యోధులను ఎదుర్కొన్నారు. ఇద్దరు గెలిచారు. ఓడిన మూడవ మనిషి కురొసాకి. ఆ అవమానం మరచిపోకుండా, థాయిలను వారి విద్యలోనే ఓడించగల శిష్యుణ్ణి తయారు చేయాలని కఠోరమైన శిక్షణ ఇచ్చాడు.

1978 మార్చి 18న టోక్యోలోని కొరాకుయెన్ హాలులో ఫుజివారా, రాజదమ్నెర్న్ స్టేడియం లైట్‌వెయిట్ ఛాంపియన్ మొన్‌సవాన్‌ను నాలుగవ రౌండులో పడగొట్టాడు. థాయి జాతీయుడు కానివాడు ఆ పీఠం ఎక్కడం చరిత్రలో అదే మొదటిసారి. ఆ పీఠం ఆయన వద్ద ఎంతో కాలం నిలవలేదు. అదే ఏడాది బ్యాంకాక్‌లో ఓడి దానిని వదులుకోవలసి వచ్చింది. అయినా ఒకసారి దాటిన గీత దాటినదే.

ఆ తర్వాత ఆట కొంతకాలం మూలపడినా, 1993లో ‘కె-1’ పేరుతో జపాన్‌లో మళ్ళీ ప్రాణం పోసుకుంది. 2022 జూన్ 19న టోక్యో డోమ్‌లో తెన్‌షిన్ నసుకావా, తకెరు అనే ఇద్దరు జపాన్ యువకులు తలపడితే చూడడానికి 56,399 మంది వచ్చారు. నసుకావా గెలిచాడు. ఓడిన తకెరుకు కూడా జనం చప్పట్లు కొట్టి సాగనంపారు.

ఆ జనసందోహాన్ని చూడడానికి సవామురా లేరు. అంతకు ముందు సంవత్సరం, 2021 మార్చి 26న ఊపిరితిత్తుల కేన్సర్‌తో కన్నుమూశారు. వయస్సు 78 ఏళ్ళు. కొన్ని రోజుల తర్వాత గాని ఆ వార్త బయటికి రాలేదు. బతికినంత నిశ్శబ్దంగానే వెళ్ళిపోయారు. వార్త తెలిశాక, ఒకప్పుడు సోమవారం సాయంత్రం టెలివిజన్ ముందు కూర్చున్న పిల్లలు - ఇప్పుడు తాతలయినవారు - ఆ ఎగిరే మోకాలిని తలచుకున్నారు.

గెలిచినవాడికి దండలు వేయడం ఏ దేశంలోనయినా ఉన్నదే. సవామురా జీవితంలో రెండు సంగతులు మాత్రం అరుదుగా కనిపిస్తాయి. నలుగురి ముందూ పదహారుసార్లు పడి కూడా మరునాడు అదే దారిన నడవడం ఒకటి. దేశమంతా జేజేలు కొట్టిన తర్వాత, ఆ జేజేలు వదిలి చేతికి మసి అంటే పని చేసుకుంటూ సంతోషంగా బతకడం రెండవది. మొదటిది కష్టం. రెండవది అంతకన్నా కష్టం. ఆయన రెండూ చేసి చూపించారు.